ముల్జిమ్ వేరు, ముజ్రిమ్ వేరు

మొన్న రంజాన్‌లో ఒకరోజు సహరీకి గంట ముందే మెలకువ వచ్చింది. ఇంట్లో వాళ్ల నిద్ర పాడుచేయడం ఎందుకని వంటింట్లో చిన్న లైటు వేసుకుని కూర్చున్నాను. చేతిలో కితాబు. కాసేపటికి అమ్మీ లేచి వచ్చింది. కితాబు అట్ట మీద నల్ల చోగా వేసుకున్న గోరా మనిషిని చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ముబారక్ మహీనేమే భీ ఉస్ పాదరీకిచ్ కితాబ్ హై క్యా రే?"

"పాదరీ కాదమ్మీ, రాహిబ్" అన్నాను.

"ఫరఖ్ క్యా హై?"

ఫరఖ్ ఉంది. ఆ ఫరఖ్ చెప్పే సరికి సహరీ టైం అయిపోయింది. ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఇది అమ్మీ ఒక్కతే అడిగిన సవాల్ కాదు. చండ్రుగొండ లాంటి అడవి పక్క ఊళ్లో పుట్టి, ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, తెలుగు పత్రికల్లో కలం అరగదీసిన ఒక ముసల్మాన్‌కి తొమ్మిది వందల ఏళ్ల కిందటి ఇంగ్లండ్‌తో ఏం పని? అక్కడెవడో చస్తే, ఎవడు చంపాడని అర్ధరాత్రి దాకా తలకాయ బద్దలు కొట్టుకోవడం దేనికి? దోస్తులూ ఇదే అడుగుతారు. నా బిడ్డ కూడా అడుగుతుంది, కాకపోతే ఆమె అడిగే తీరు కొంచెం నాజూకుగా ఉంటుంది.

ముందు ఆ రాహిబ్ గురించి. పేరు కాడ్‌ఫేల్. ఇంగ్లండ్‌కి పశ్చిమాన, వేల్స్ సరిహద్దు దగ్గర ష్రూస్‌బరీ అనే ఊరుంది. ఆ ఊరి ఖాన్‌ఖాలాంటి మఠంలో మందు మొక్కల తోట చూసుకుంటూ ఉంటాడు. వయసు అరవైకి అటూ ఇటూ. రాసినావిడ అసలు పేరు ఎడిత్ పార్జెటర్, కితాబుల మీద వేసుకున్న పేరు ఎలిస్ పీటర్స్. ఆమెది కూడా ఆ ష్రాప్‌షైర్ ఇలాఖాయే. 1977లో మొదటి నవల వచ్చింది, 1995లో ఆమె ఇంతెఖాల్ అయ్యే నాటికి ఇరవై నవలలు అయ్యాయి. కథలన్నీ 1137 నుంచి 1145 వరకు, స్టీఫెన్ అనే బాద్షా, మాటిల్డా అనే మలికా తఖ్త్ కోసం కొట్టుకుంటున్న జమానాలో జరుగుతాయి. పైన ఖాన్‌దానీ జంగ్, కింద మామూలు జనం. కంసాలి, రొట్టెలు చేసేవాడు, గొర్రెల కాపరి, వేరే ఊరి నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాడు. వాళ్లలో ఎవడో ఒకడు చస్తాడు. అప్పుడు ఊరు ఊరంతా ఒకడి వైపు వేలు చూపిస్తుంది. కాడ్‌ఫేల్ మాత్రం ఆ వేలు చూపించిన వైపు కాకుండా, వేలు చూపించినవాళ్ల వైపు తిరిగి చూస్తాడు.

నా ఇష్క్ అంతా ఆ ఒక్క చూపుతోనే.

దీని జడ చాలా వెనక్కి వెళ్తుంది. మా ఉర్దూ స్కూల్లో ఒక ఉస్తాద్ ఉండేవారు. ఇమ్లా చెప్పించేటప్పుడు రెండు లఫ్జ్‌లు పక్కపక్కన రాయించేవారు. ముల్జిమ్. ముజ్రిమ్. చెవికి రెండూ అన్నదమ్ముల్లా వినిపిస్తాయి. రాసేటప్పుడు ఒకదాంట్లో లామ్, జే, ఇంకోదాంట్లో జీమ్, రే. తారుమారు చేస్తే అరచేతి మీద బెత్తం. "ఇల్జామ్ పడినవాడు ముల్జిమ్. జుర్మ్ చేశాడని సాబిత్ అయినవాడు ముజ్రిమ్. ఈ రెండింటి మధ్య ఒక పూరా అదాలత్ ఉంటుంది, గధే" అనేవారు. పదేళ్ల పిల్లాడికి అదాలత్ అంటే ఏం తెలుసు, బెత్తం తెలుసు. తర్వాత తెలుగులోకి వచ్చాక చూస్తే ఇక్కడా ఉన్నాయి రెండు మాటలు, నిందితుడు, నేరస్తుడు. కానీ పేపర్ హెడ్డింగ్‌లో జాగా తక్కువ. "దొంగ" అంటే రెండక్షరాల్లో పనైపోతుంది.

మామూ దగ్గర ఒక ఇనప సందూక్ ఉండేది. అందులో ఇబ్నె సఫీ నవలలు. 1952లో 'జాసూసీ దునియా' మొదలైంది, మొట్టమొదటి నవల పేరే 'దిలేర్ ముజ్రిమ్'. ఫరీదీ, హమీద్, తర్వాత 1955 నుంచి ఇమ్రాన్. సర్హద్‌కి ఇటూ అటూ ఉర్దూ చదవగలిగే ఇళ్లలో ఈ పేర్లు తెలియని ఇల్లు ఉండేది కాదు. ఆ కాగితాల వాసన, చెదలు తిన్న అంచులు నాకిప్పటికీ యాద్ ఉన్నాయి. మామూ ఒక్కటే షరత్ పెట్టేవాడు, ఆఖరి సఫా ముందు చూడొద్దు. తెలుగు చదవడం పట్టుబడ్డాక అద్దె పుస్తకాల కొట్లో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో దొరికారు. షాడో కోసం నేను నమాజ్ ఎగ్గొట్టిన మాట అమ్మీకి తెలుసు, అల్లాకీ తెలుసు, దాచి లాభం లేదు. ఇంగ్లీషు మాత్రం ఆలస్యంగా వచ్చింది. హైదరాబాద్‌లో డెస్క్ ఉద్యోగం చేసే రోజుల్లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, మూసేసిన షాపుల షట్టర్ల ముందు పరిచిన పాత కితాబుల గుట్టలో కాడ్‌ఫేల్ నాకు తగిలాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. మొదటి దానికి నెల పట్టింది.

ఒక నవల కథ చెప్తాను. ముజ్రిమ్ ఎవరో చెప్పను, మామూ షరత్ నాకింకా లాగూ అవుతుంది. 1983లో వచ్చిన 'ది శాంక్చువరీ స్పారో'. ఆ పేరును మన మాటల్లో చెప్పాలంటే పనాహ్ కోరిన పిచ్చుక. 1140 వసంతం. అర్ధరాత్రి. మఠంలో రాహిబ్‌లు దువా పాడుతున్నారు. బయట నుంచి గోల. తలుపు తోసుకుని ఒక బక్క పిల్లాడు లోపలికి వచ్చి పడతాడు, ఒంటినిండా దెబ్బలు. వాడి వెనక కర్రలతో, దివిటీలతో జనం. వాడి పేరు లిలివిన్. ఊరూరా తిరిగి పాటలు పాడుకునే, గారడీలు చేసుకునే వాడు, మనూళ్లల్లో గడ ఎక్కే దొమ్మరోళ్ల లాంటివాడు. ఒక కంసాలి ఇంట్లో షాదీకి ఆడడానికి పిలిచారు. ఆటలో ఒక కూజా పగిలింది. మజూరీ పూర్తిగా ఇవ్వకుండా మెడపట్టి గెంటేశారు. అదే రాత్రి ఆ కంసాలి తన తిజోరీ దగ్గర తలపగిలి పడి ఉన్నాడు, తిజోరీ ఖాళీ. ఇంకేముంది? ఎవడా బయటివాడు? ఎవడికి కోపం ఉంది? ఎవడికి ఇల్లూ వాకిలీ లేదు? మేజువానీ తిని తాగి ఉన్న బరాత్ మొత్తం వాడి వెంటపడింది.

మఠం పెద్ద ఆ గుంపుకి ఎదురు నిలబడి, వీడు అల్లా ఇంట్లో పనాహ్ తీసుకున్నాడు, నలభై రోజులు వీడి మీద చెయ్యి వేయడానికి వీల్లేదు అంటాడు. అది ఆనాటి ఖానూన్. వాడు ముజ్రిమా కాదా అని ఆ పెద్దకి తెలియదు, గమనించండి. వాడు మాసూమ్ అని నమ్మి కాపాడలేదు. తెలియదు గనక కాపాడాడు. నలభై రోజుల మోహలత్ అంటే నలభై రోజుల తహ్కీక్. కాడ్‌ఫేల్ ఆ కంసాలి ఇంట్లో ఉన్న ఒక్కొక్కర్నీ గాయాలకు మందు పూసే మిషతో, ముసలావిడ గుండె దడకు కషాయం ఇచ్చే మిషతో చూసుకుంటూ వస్తాడు. అతని దగ్గర డీఎన్ఏ లేదు, వేలిముద్రలు లేవు, సెల్ టవర్ లేదు. కళ్లు, ముక్కు, ఓపిక ఉన్నాయి. ఒక ఇంట్లో బయటికి కనిపించే బరకత్ వెనక ఎవరి కడుపు మండుతుందో అర్థం చేసుకునే అఖల్ ఉంది.

పాత జమానా జాసూసీలో ఉండే మజా అదే. మెషిన్ చెప్పదు, మనిషే చెప్పాలి. 1980లో వచ్చిన 'మాంక్స్‌హుడ్'లో కాడ్‌ఫేల్ కీళ్ల నొప్పులకు చేసిన తైలాన్నే ఎవరో కూరలో కలిపి ఒకణ్ని చంపుతారు. ఆ మొక్కే మన వసనాభి. పైపూతకు దవా, కడుపులోకి పోతే జహర్. దాదీ కాలంలో మా ఇంటికి వచ్చే హకీం సాబ్ కూడా ఒక సీసా విడిగా, పిల్లల చేయి అందని ఎత్తులో పెట్టించేవారు. ఆ సన్నివేశం చదువుతుంటే నాకు ష్రూస్‌బరీ కనపడలేదు, మా ఇంటి గూడు కనపడింది.

ఇక అమ్మీ అసలు ఏతరాజ్. ఈ కాడ్‌ఫేల్ జవానీలో సలీబీ జంగ్‌కి పోయినవాడు. 1098లో అంతాకియా ముట్టడిలో, మరుసటేడు బైతుల్ ముఖద్దస్ మీద పడిన లష్కర్‌లో ఉన్నాడు. అక్కడ ఏం జరిగిందో మనకు చెప్పనక్కర్లేదు. అలాంటివాడి మీద ముహబ్బత్ ఎట్లా? నేనూ మొదట్లో కితాబు మూసేద్దామనుకున్నాను. కానీ ఆ మనిషి ఆ జంగ్ గురించి గొప్పలు చెప్పుకోడు. షామ్ దేశం నుంచి తెచ్చుకున్నది మందుల ఇల్మ్. వదిలేసి వచ్చింది మరియమ్ అనే ఒక అంతాకియా బేవాని. ఆమెకు తనవల్ల ఒక కొడుకు పుట్టాడని కూడా అతనికి ఏళ్ల తర్వాత 'ది వర్జిన్ ఇన్ ది ఐస్'లోగాని తెలీదు. ఆ కొడుకు చురుకైన కళ్లతో ఎదురుగా నిలబడితే, నేను నీ బాపుని అని చెప్పకుండా ఊరుకుంటాడు. ఆ సఫా దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఆ కొడుకు తల్లి మజహబ్ వదిలి తండ్రి మజహబ్ తీసుకున్నాడన్న సంగతి అమ్మీకి చెప్పలేదు. మరియమ్ కూడా ఈ కథల్లో ఎప్పుడూ యాద్‌గానే ఉంటుంది, మనిషిగా ఎదురుపడదు. గోరోళ్ల నవలల్లో మనవాళ్ల ఆడవాళ్లు ఇట్లాగే ఖుష్బూ లాగా వచ్చి పోతారు. ఆ షికాయత్ నాకుంది, దాన్ని దాచను.

అయినా ఈ ఖబీలా నవలల్లో మనవాళ్లు తగలడం నాకు కొత్తేం కాదు. సీజే శాన్సమ్ 2003లో రాసిన 'డిజల్యూషన్'లో, 1537 నాటి ఒక మఠంలో మరీజ్‌లను చూసుకునే రాహిబ్ గై ఉంటాడు. నల్లనివాడు, గర్నాతా మూర్‌ల సంతానం. ఖూన్ జరిగితే జనం చూపు ముందు అతని ఒంటిరంగు మీదికే పోతుంది. తహ్కీక్ చేయడానికి వచ్చిన వకీల్ షార్డ్‌లేక్ గూనివాడు, అతణ్ని చూసి కూడా జనం మొహం తిప్పుకుంటారు. అరియానా ఫ్రాంక్లిన్ 2007 నవల 'మిస్ట్రెస్ ఆఫ్ ది ఆర్ట్ ఆఫ్ డెత్' ఇంకా తమాషా. 1171, కేంబ్రిడ్జ్. పిల్లలు చనిపోతున్నారు. ఊరు ఊరంతా యూదుల మీద ఇల్జామ్ వేసింది. సలెర్నో నుంచి అడీలియా అనే ఆడ తబీబ్‌ని పిలిపిస్తారు. ఆడది శవాన్ని పరీక్షిస్తే జాదూగరత్తె అని కాల్చేస్తారు గనక, ఆమె వెంట వచ్చిన మన్సూర్ అనే అరబ్బును తబీబ్‌గా చూపించి, ఆమె అతని తర్జుమాదారులా నటిస్తుంది. ఒక యూదుల కౌమ్, ఒక అరబ్బు, ఒక ఆడమనిషి. ఆ ఊరు ఎవర్ని చూసి భయపడుతుందో వాళ్లే కూడి ఆ ఊరి పిల్లల్ని చంపినవాణ్ని పట్టుకుంటారు.

ఇది ఖయాల్ మాత్రమే కాదు. ఇంగ్లండ్‌లో 1144లో నార్విచ్ అనే ఊళ్లో విలియం అనే పిల్లాడు చనిపోతే, యూదులే చంపారని పుట్టిన ఒక అబద్ధం వందల ఏళ్లు బతికింది. 1190లో యార్క్‌లో యూదులు ఒక బురుజులో ఇరుక్కుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1290లో ఎడ్వర్డ్ బాద్షా హుకుం ఇచ్చాడు, కౌమ్ మొత్తం ముల్క్ వదిలిపోవాలని. వెళ్లగొట్టేశారు. ఇప్పుడు ఆ గడ్డ మీది రచయితలు వెనక్కి వెళ్లి, ఆనాడు జరగని తహ్కీక్‌ని కాగితం మీద జరిపిస్తున్నారు. ఇది ఆలస్యమే. కానీ జరిపిస్తున్నారు.

ఇక్కడ నేను నా సంగతి చెప్పకపోతే ఇదంతా ఊక దంచినట్టే.

చాలా ఏళ్ల కింద ఒక చిన్న ఊళ్లో విలేకరిగా ఉన్నాను. ఊరి పేరు, పేపర్ పేరు రాయను. బావుల దగ్గర కరెంటు మోటార్లు, రాగి వైరు పోతున్నాయని రైతులు గోలపెడుతున్న రోజులు. ఒక సాయంత్రం ప్రెస్ నోట్ వచ్చింది. పక్క తండాకు చెందిన పంతొమ్మిదేళ్ల పిల్లాణ్ని పట్టుకున్నారు. నేను ఆ నోట్‌ని తెలుగు చేశాను, అంతే. ఎవర్నీ అడగలేదు. తండాకి పోలేదు, నాలుగు కిలోమీటర్లే అది. "మోటార్ల దొంగ అరెస్ట్" అని హెడ్డింగ్ పెట్టి, నిండుదనం కోసం "పాత నేరస్తుడు" అన్న మాట నేనే కలిపాను. ప్రెస్ నోట్‌లో అది లేదు. ఎందుకు కలిపానంటే తండా అనగానే ఆ మాట దానంతట అదే కలం కిందికి వచ్చింది. ఉర్దూ స్కూల్లో బెత్తం దెబ్బలు తిన్నవాడి కలం అది.

రెండు నెలలకు అసలు సంగతి బయటపడింది. మోటార్లు బాగుచేసే షాపతని బామ్మర్దే ఎక్కడ మోటారుందో తెలుసుకుని పోయి విప్పుకొచ్చేవాడు. పిల్లాడు బయటికి వచ్చాడు. ఆ వార్త రాసి పంపాను. రాలేదు. ఫోన్ చేస్తే "పాతబడిపోయింది కదా" అన్నారు. నేనూ గట్టిగా అడగలేదు, ఉద్యోగం కచ్చా, నెలకు వచ్చేది చాయ్ ఖర్చులంత.

ఒక మధ్యాహ్నం ఆ పిల్లాడి తల్లి నేను కూర్చునే చోటికి వచ్చింది. పాలిథిన్ కవర్లో మడత పెట్టిన పేపర్ ముక్క తీసింది. చదువు రాదు ఆమెకు. ఎవరో చదివి వినిపించి ఉంటారు. ఆమె కోపంగా కూడా అడగలేదు. "సారూ, వీడు దొంగ అని ఈ పేపర్ల ఉన్నది. కాదని యాడున్నది?"

చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. బిడ్డకు కుదిరిన సంబంధం ఆ పేపర్ ముక్క వల్లే తప్పిపోయిందని తర్వాత ఎవరో చెప్పారు. ఆ పిల్లాడు ఇప్పుడు పెద్దవాడు, ఆటో నడుపుకుంటున్నాడు. ఆ ఊరికి ఎప్పుడైనా పోతే, స్టాండ్‌లో అతని ఆటో ముందుంటే నేను వెనకున్న దాన్ని ఎక్కుతాను.

మనం, అంటే ముసల్మానులం, ఈ దర్ద్ మనదొక్కళ్లదే అనుకుంటాం. అనుకోవడానికి వజహ్ లేకపోలేదు. 2007 మే 18, జుమ్మా రోజు మక్కా మసీదులో పేలుడు. నమాజుకి పోయినవాళ్లు చనిపోయారు. ఆ తర్వాత పట్టుకుపోయిన మన పిల్లల్లో చాలామంది అదాలత్‌లో బేకసూర్లుగా బయటికి వచ్చారు. వచ్చేసరికి చదువులు పోయాయి, నౌకరీలు పోయాయి. తర్వాత వేరేవాళ్ల మీద కేసు నడిచింది, 2018 ఏప్రిల్‌లో వాళ్లనూ వదిలేశారు. అయితే ఆ బాంబు పెట్టింది ఎవరు? ఆఖరి సఫా చింపేసిన జాసూసీ నవల అది. ఆ రోజుల్లో మనపిల్లల పేర్లు పక్కన ఏమేం మాటలు రాశారో నాకు కంఠస్తం. కానీ ఆ తండా పిల్లాడి పేరు పక్కన నేను రాసిన మాట కూడా అదే కొలిమిలో కాలింది కదా.

ఆ కొలిమి పాతది. 1836లో కంపెనీ సర్కారు ఠగ్గుల మీద ఒక ఖానూన్ తెచ్చింది. ఫలానా ఖూన్ నువ్వు చేశావని సాబిత్ చేయనక్కర్లేదు, ఠగ్గుల గుంపులోవాడివని తేలితే చాలు, ఉమ్ర్‌ఖైద్. మూడేళ్లకి, 1839లో, నిజాం కొలువులో పనిచేసిన ఫిలిప్ మెడోస్ టేలర్ 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ ఠగ్' రాశాడు. మన దక్కన్ దారుల మీద నడిచే జుర్మ్ కథ. లండన్‌లో విక్టోరియా రాణి దాకా చదివారు. అమీర్ అలీ అనే ఠగ్గు కూర్చుని తన జుర్మ్‌లన్నీ తానే ఒప్పుకుంటూ పోతాడు. బాగా రాశాడు, కాదనను. కానీ అందులో తహ్కీక్ లేదు, ఇక్బాల్ మాత్రమే ఉంది. మన గురించి గోరోళ్లు రాస్తే ఇక్బాల్, వాళ్ల గురించి వాళ్లు రాసుకుంటే తహ్కీక్. ఆ తర్వాత 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. పుట్టుకతోనే ముజ్రిమ్, ముల్జిమ్ అన్న దర్జా కూడా లేదు. 1913 ప్రాంతంలో ఎరుకల వాళ్లను తెచ్చి పెట్టిన స్టువర్టుపురం పేరు మన సినిమాల్లో ఇవాళ్టికీ దొంగ అన్న మాటకు ముందు వస్తుంది. ఆ ఖానూన్ 1952లో పోయింది. మాట పోలేదు.

మా చండ్రుగొండ సంగతి చెప్పకుండా దాటిపోలేను. 2022 నవంబర్ 22న మా మండలంలోనే, బెండాలపాడు దగ్గర ఎర్రబోడులో, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావుని కొట్టి చంపారు. పోడు భూమిలో వేసిన మొక్కల దగ్గర తగాదా. డ్యూటీ చేస్తున్న మనిషిని చంపడం జుల్మ్, దానికి ఇంకో మాట లేదు. మరుసటేడు ఆగస్టులో కొత్తగూడెం కోర్టు ఇద్దరికి ఉమ్ర్‌ఖైద్ వేసింది. ముల్జిమ్ నుంచి ముజ్రిమ్ దాకా ఉండాల్సిన దారి ఆ ఇద్దరి విషయంలో ఉంది. కానీ కోర్టు దాకా పోకముందే, ఆ వారంలోనే, ఎర్రబోడులో ఉన్న గుత్తికోయలు మొత్తాన్నీ ఛత్తీస్‌గఢ్‌కి పంపించేయాలని గ్రామ పంచాయతీ తీర్మానం చేసిందన్న ఖబర్ పేపర్లలో వచ్చింది. ముసలోళ్లు, చంటిపిల్లలు, ఆ రోజు ఇప్పచెట్టు కింద కూర్చున్నవాళ్లు, కూలికి పోయినవాళ్లు, అందరూ. బజార్లో చాయ్ తాగుతూ మన భాయీలే కొందరు "సహీ కియే" అన్నారు. నేను 1290 గురించి చెప్పబోయి ఊరుకున్నాను. చాయ్ దగ్గర ఎడ్వర్డ్ బాద్షా పేరెత్తితే దివానా అంటారు.

ఆ రాత్రి నేను లిలివిన్ కథ మళ్లీ చదివాను. నవల ఎవర్నీ బతికించదు, ఆ భ్రమ లేదు. కాకపోతే బాగా రాసిన జాసూసీ నవల చదివినవాడికి ఒక ఆదత్ పడుతుంది. మొదటి నలభై సఫాల్లో అందరూ చూపించినవాడు ముజ్రిమ్ కాడు. మామూ దగ్గర చదివినా, కాడ్‌ఫేల్ దగ్గర చదివినా ఇదే. ఆ ఆదత్ నవల బయటికి కూడా వస్తే బాగుండునని నా ఆశ.

"మన దగ్గర లేనట్టు గోరోళ్ల దగ్గర నేర్చుకోవాలా" అని ఒక అజీజ్ దోస్త్ గుర్రుమన్నాడు. మన దగ్గర ఉంది. యూసుఫ్ అలైహిస్సలామ్ ఖిస్సా పిల్లలకు చెప్పేటప్పుడు మనం హుస్న్ గురించి, బావి గురించి, ఖ్వాబ్ గురించి చెప్తాం. కుర్తా సంగతి జల్దీగా దాటేస్తాం. కుర్తా ముందు చిరిగిందా వెనక చిరిగిందా చూడండి అన్న గవాహీ అక్కడ ఉంది. వెనక చిరిగింది గనక పారిపోతున్నవాడు యూసుఫే, వెంటపడింది ఇంకొకరు. ఇల్జామ్ వేసింది ఇంటి యజమానురాలు, పడింది కొనుక్కొచ్చిన గులాం మీద. అయినా కుర్తా చూశారు. నా బిడ్డకు ఇది చెప్తే "అబ్బా, ఇది పక్కా డిటెక్టివ్ కదా" అంది.

ఉన్నదాన్ని కథలుగా రాసుకోలేదు మనం, అదీ సంగతి. ఉర్దూలో తారీఖీ నవలకు కొరత లేదు. అబ్దుల్ హలీం షరర్ 1899లో 'ఫిర్దౌసె బరీన్' రాశాడు, అలమూత్ కోట మీద, ఇవాళ చదివినా రాత్రి నిద్ర పట్టదు. ఆ తర్వాత ఇంటింటా నసీం హిజాజీ. గుర్రం, తల్వార్, ఫతహ్. తెలుగులో నోరి నరసింహశాస్త్రి, అడవి బాపిరాజు. అక్కడా గుర్రాలే, అక్కడా కత్తులే. రెండు వైపులా ఎవరి హీరోలు వాళ్లకున్నారు, ఎదుటివాడు ఎవడో ముందే తెలుసు. ఎవడు చేశాడు అన్న సవాలుకి అక్కడ జాగా లేదు. ఇంగ్లీషులో మధులిక లిడిల్ 2009లో ముజఫ్ఫర్ జంగ్ అనే కుర్రాణ్ని షాజహాన్ నాటి ఢిల్లీ గల్లీల్లో ఖూన్ కేసు వెంట తిప్పింది. చదివి ఖుష్ అయ్యాను. గోల్కొండకు మాత్రం అలాంటివాడు ఇంకా రాలేదు.

రావాలంటే ఎవడై ఉండాలో నాకు తెలుసు. కుతుబ్‌షాహీల ఫర్మానాలు చాలా వరకు రెండు జబాన్లలో ఉండేవి, ఫార్సీ, తెలుగు. అంటే ఆ రెండూ వచ్చిన మున్షీ ఒకడు ఏ దఫ్తర్లోనైనా ఉండి తీరాలి. ఫార్సీలో రాసిందానికీ తెలుగులో రాసిందానికీ ఒక్క మాట తేడా ఉంటే పట్టుకోగలిగేవాడు వాడొక్కడే. కోటలో వాణ్ని ఎవరూ పెద్దమనిషిగా లెక్కచేయరు, అందుకే వాడి ముందు అందరూ మాట్లాడతారు. తానా షా జమానా. మా పాల్వంచ పరగణాకు తహసీల్దారైన గోపన్న ఖైద్‌లో ఉన్నాడు, సర్కారీ పైకం లెక్క తేలలేదు. భద్రాద్రి రాముడు స్వయంగా వచ్చి చెల్లించాడని భక్తుల ఈమాన్. దాన్ని ముట్టుకోవడానికి మున్షీకీ హక్కు లేదు, నాకూ లేదు. కానీ 1686లో అదే గోపన్న మేనమామలైన అక్కన్న మాదన్నల్ని గోల్కొండ వీధిలో చంపేశారు. ఎవడి హుకుం మీద? ఎవడికి లాభం? ఔరంగజేబు లష్కర్ తలుపు కొడుతున్న ఆ రోజుల్లో ముసల్మాన్ చంపాడు, హిందువు చచ్చాడు అని రెండు ముక్కల్లో తేల్చేసేవాళ్లు అప్పుడూ ఉండి ఉంటారు. మున్షీ అట్లా తేల్చడు. దీపం దగ్గర పెట్టుకుని కాగితాలు చూస్తాడు.

రాయి అన్నా, అంటారా? మూడు బాబ్‌లు రాసి చింపేశాను. మున్షీ నాకంటే తెలివిగా ఉండాలి, అదీ ముష్కిల్. నా బిడ్డ డిగ్రీ రెండో ఏడు, ఆమెకు ఉర్దూ అలిఫ్ బే మించి రాదు. ఈ సెలవుల నుంచి మొదలుపెట్టించాను. ముల్జిమ్, ముజ్రిమ్ పక్కపక్కన రాయించాను. బెత్తం లేదు, అందుకే నాలుగు సార్లు తప్పు రాసింది.

అమ్మీకి మాత్రం ఇప్పుడు ఇషా తర్వాత రోజూ పది సఫాలు మన దక్కనీలో చెప్పి వినిపిస్తున్నాను. లిలివిన్ కథే. మొదటి రోజు తస్బీహ్ తిప్పుతూ విననట్టు కూర్చుంది. రెండో రోజు, కూజా పగిలిందని ఆ పిల్లాడికి మజూరీ ఎగ్గొట్టారన్న దగ్గర తస్బీహ్ ఆగింది. మూడో రోజు కంసాలి ఇంట్లో ఎవరెవరున్నారో మళ్లీ చెప్పమంది. ముసలి దాదీ, కంసాలి, కొడుకు, కొత్త దుల్హన్, పెళ్లికాని కూతురు, పనివాళ్లు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

నిన్న రాత్రి మధ్యలో ఆపింది.

"ఉస్ ఘర్‌కే చాబ్యాఁ కిస్కే పాస్ హై రే?"

"క్యూఁ అమ్మీ?"

"ఐసైచ్ పూఛీ. తూ ఆగే పఢ్."